ఏరు దాటకుండా బండారులంకకి

గోదావరి చూడ్డానికి రాజమండ్రి నుంచి బయల్దేరి వెళ్ళినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. వీధి చివరికి నడిస్తే కనిపించే నది కోసం పది రోజులు ఇల్లు వదిలి పోవడమేమిటని మా ఆవిడ అడిగింది. సబబైన ప్రశ్నే. జవాబు చెబితే ఇంకా కోప్పడుతుందని చెప్పలేదు. నేను వెళ్ళింది గోదావరిని చూడ్డానికి కాదు, అది దారులకి ఎన్నిసార్లు అడ్డం వస్తుందో లెక్కపెట్టడానికి.

నేను బళ్ళో లెక్కల పంతులుని. మా పై అధికారి దొరగారు ఓడలో వచ్చే విలాయతి పత్రికలు తాను చదివాక నాకిస్తారు. వాటిలో ఒక చిన్న వ్యాసం పోయినేడు నా నిద్ర చెడగొట్టింది. కొన్ని రాశుల వర్గాలు తీసుకుని కొన్నిటిని కలుపుతాం, కొన్నిటిని తీసేస్తాం. తరవాత ఆ రాశుల్ని ఒకదాంతో ఒకటి కలగలిపి, కొత్త పేర్లు పెట్టి, మళ్ళీ వర్గాలుగా రాస్తాం. అంకెలన్నీ మారిపోతాయి. కానీ కలిపేవి ఎన్ని, తీసేసేవి ఎన్ని అన్నది మాత్రం మారదట. ఎవరు ఏ దారిన చేసినా ధనం ఇన్ని, ఋణం ఇన్ని. ఆ రెండిటి తేడా ఆ లెక్కకి పుట్టుమచ్చ లాంటిది.

దాని మీద నాకు సొంతంగా ఒక ఊహ పుట్టింది. రెండు గీతలు కోసుకున్నచోట, ఎడమ నుంచి కుడికి కోస్తే ధనమనీ, కుడి నుంచి ఎడమకి కోస్తే ఋణమనీ గుర్తు పెడితే ఎలా ఉంటుంది? అలాంటి గీతలన్నిటికీ ఒక పట్టిక వేస్తే, ఆ పట్టికకీ చెరగని పుట్టుమచ్చ ఒకటి ఉంటుందని నా అనుమానం. ఋజువు దొరకలేదు. గదిలో కూర్చుంటే దొరకనిది తిరిగితే దొరుకుతుందేమో అనిపించింది. నీళ్ళూ దారులూ అన్నిటికన్నా ఎక్కువగా కోసుకునేది కోనసీమలోనే కనుక మాఘమాసంలో రెండు పంచెలు, అటుకుల మూట, ఒక నోటుపుస్తకం సంచీలో వేసుకుని బయల్దేరాను.

ఆలమూరు రేవు

ధవళేశ్వరం దాటి, ఎడమ గట్టున ఎడ్లబండి మీద ఊగుతూ ఆలమూరు చేరేసరికి రెండోరోజు తెల్లవారింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే గౌతమి పాయ ఎక్కడ మొదలయిందో కాళ్ళు తడిస్తే గానీ తెలియలేదు. రేవులో మాటలు వినిపిస్తున్నాయి, పడవ కనబడదు. మనిషికి దమ్మిడీ, మేకకి దమ్మిడీ. పంతులికీ మేకకీ ఒకటే రేటా అని నవ్వుతూ అడిగాను. "మేక కదలకుండా కూచుంటాదండి. తమరు కూచుంటారో లేదో చూడాలండి," అన్నాడు పడవమనిషి. నేను నడి ఏట్లో లేచి నిలబడి, గొడుగు నీళ్ళలో జారవిడుచుకుని, అతని మాట నిలబెట్టాను. గొడుగు చాలాసేపు మా పక్కనే తేలుతూ వచ్చి, తరవాత మంచులోకి వెళ్ళిపోయింది.

నా పక్కన కపిలేశ్వరపురం దగ్గర లంకలో పొగాకు వేసే రైతు ఒకాయన కూర్చున్నాడు. మీ పొలం ఏటికి ఇటా అటా అని అడిగితే వేళ్ళు మడిచి ఆలోచించాడు.

"మా తాతగారి నాటికి ఇటేనండి. మా నాన్నగారు కాలం చేసిన ఏడు వరదకి ఏరు పక్కకి తిరిగి అటయిపోయేమండి. పోయినేడు నడిమధ్యలో పడ్డాం. మేం ఇల్లు కదపలేదండి ఆయ్. ఏరే మమ్మల్ని దాటింది."

నేను గబగబా నోటుపుస్తకం తీశాను. ఏరు ఎన్ని మెలికలు తిరిగినా మొత్తం లెక్క మారదు, మనం నిలబడ్డ చోటు మీదుగా అది పోతే తప్ప. ఇన్నాళ్ళూ తల బద్దలుకొట్టుకున్నా నాకు తట్టని ఆ చిన్న 'తప్ప' ఒక పొగాకు రైతు నోట విన్నాను. మంచులో ఆయన మొహం సరిగ్గా చూడనైనా లేదు.

కొత్తపేట

కొత్తపేటలో ఒక పూటకూళ్ళ ఇంట్లో భోంచేశాను. అణా తీసుకుని ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, కందిపొడి, గడ్డపెరుగు వడ్డించారు. మా రాజమండ్రిలో అదే అణాకి చారులో ములక్కాడ ముక్క వెతుక్కోవాలి. ఇక్కడ కొబ్బరి వెయ్యని వంటే లేదు. చారులో కూడా వేస్తారా అని అడిగితే, వడ్డించే పెద్దావిడ కాసేపు ఆలోచించి, "వేస్తే బాగుండునేమోనండి," అంది.

మా ఊళ్ళో మర్యాద లేదని కాదు గానీ ఇక్కడి మర్యాద మనిషిని మెత్తబరిచేస్తుంది. దారి అడిగితే చెప్పి ఊరుకోరు, మలుపుదాకా వచ్చి దిగబెడతారు. కొబ్బరితోటల మధ్య నడుస్తుంటే ఎండ కూడా అడిగి లోపలికి వచ్చినట్టుంటుంది. నేను కొత్తపేటలో ఒక పూట ఉందామనుకుని రెండు రోజులున్నాను. ఆ రెండు రోజుల్లో ఒక్క లెక్కా చెయ్యలేదు, దానికి నాకు విచారమూ కలగలేదు.

నది మీద కాలువ

అక్కడి నుంచి కాలువలో పడవ ప్రయాణం. పడవ నడిపే పోలయ్య యాభై ఏళ్ళవాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కొత్త కాలువ ఇది. పోలయ్య కొడుకు గట్టు మీద తాడు పట్టుకుని లాగుతుంటే, పోలయ్య వెనక కూర్చుని చుక్కాని మీద ఒక కాలు వేసి కునికేవాడు. కోతలయిపోయిన చేలు, అరటితోటలు, గట్టు మీద గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు, అన్నీ మెల్లగా వెనక్కి పోతూంటాయి. మేలుకుని ఉన్నానో నిద్రపోయానో నాకే తెలియని స్థితిలో గన్నవరం వచ్చింది.

చదివేవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా చూసింది చూసినట్టు చెబుతాను. అక్కడ వైనతేయ పాయ అడ్డంగా పోతోంది. కాలువ ఆగలేదు. ఇటుకా సున్నంతో కట్టిన వరసకమానాల మీదికెక్కి, నది నెత్తి మీదుగా అవతలి గట్టుకి పోయింది. ఆ కాలువలో మా పడవ. కింద చూస్తే నది, నదిలో ఒక జాలరి దోనె. ఆ జాలరి వల విసరబోతూ తలెత్తి మమ్మల్ని చూశాడు. అతను నీటి మీద ఉన్నాడు, మేమూ నీటి మీదే ఉన్నాం, మధ్యలో కాకులు ఎగురుతున్నాయి. దీన్ని దొరలు అక్విడక్టు అంటారు. పోలయ్య చేతులెత్తి కిందికి ఒక దణ్ణం, ముందుకి ఒక దణ్ణం పెట్టాడు. ఎవరెవరికని అడిగాను.

"ఇద్దరూ ఆవిడేనండి. కింద పెద్దావిడ, ఇక్కడ మనతో వచ్చే ఆవిడ. ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే బాగోదు కదండీ."

నేను మాత్రం, వచ్చిన దారంతా నోటుపుస్తకంలో గీసుకుంటున్న నా పటంలో, కాలువ గీత నది గీతని కోసినచోట ధనం గుర్తు పెట్టాను. ఆ గుర్తు పెట్టినందుకు తరవాత చాలా సిగ్గుపడాల్సి వచ్చింది.

రాజోలు

రాజోలులో సత్రంలో దిగి, మా ఆవిడ కోపానికి మందుగా ఒక చీర కొందామని మగ్గాల వీధికి వెళ్ళాను. సూరయ్య అనే నేతగాడి అరుగు మీద కూర్చోబెట్టారు. మా ఆచారం ప్రకారం వాళ్ళింట వండిన అన్నం నేను తినకూడదు. అది తెలిసి వాళ్ళే ముందుగా అరటిపళ్ళు, కాచిన పాలు తెచ్చి పెట్టారు. రెండు రూపాయలకి ఇచ్చిన చీర మా ఊళ్ళో మూడుకి తక్కువ రాదు. బేరం చెయ్యబోయి వాళ్ళ మర్యాద చూసి ఊరుకున్నాను.

సాయంత్రం వేళ. సూరయ్యతోపాటు అతని తల్లి వీరమ్మ, ఇరుగుపొరుగు నలుగురూ అరుగు దగ్గర చేరారు. గుమ్మం వెనక సూరయ్య భార్య చిట్టెమ్మ నిలబడింది. ఆమెకి ఏడో నెల నిండవస్తోంది. నా చేతిలో పటం చూసి సూరయ్య మొహమాటపడుతూ అడిగాడు.

"పంతులుగారూ, ఏరు దాటకుండా ఇక్కణ్ణించి బండారులంక వెళ్ళే దారేదన్నా ఉందాండి?"

సంగతేమిటని అడిగితే చెప్పాడు. చిట్టెమ్మ పుట్టిల్లు అమలాపురం పక్కన బండారులంక. తల్లి అప్పాయమ్మ చేతివాసి గల మంత్రసాని. చిట్టెమ్మ మొదటి కానుపు ఇక్కడే జరిగింది, బిడ్డ దక్కలేదు, తల్లి దక్కడమే గగనమయింది. ఈసారి ఐదో నెలలోనే పుట్టింటికి తీసుకువెళ్దామనుకుంటే, అప్పాయమ్మ కాలువగట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇవాళా రేపా అని చూస్తుండగానే ఏడో నెల వచ్చేసింది. తల్లి రాలేదు. కూతురు వెళ్ళడానికి లేదు, ఎందుకంటే నిండుచూలాలు ఏరు దాటకూడదు. ఈ ఆచారం మా వైపూ ఉంది గానీ, నాలుగు వైపులా నీళ్ళున్నచోట అదెంత బరువో నాకు అప్పుడే తెలిసింది.

బుద్ధున్నవాడైతే ఏం చేసేవాడో నాకు తెలియదు. నేను మాత్రం ముగ్గుపిండి అడిగాను. అరుగు మీద రాజోలు గడ్డ గీశాను: పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, పైన ఆ రెండూ విడిపోయే మొన, కింద సముద్రం. బయట బండారులంకకి ఒక చుక్క పెట్టాను. ఇక్కణ్ణించి అక్కడికి గీత గీయమని సూరయ్యకి చెప్పాను. అతను చుట్టూ తిప్పి, లోపలికి తెచ్చి, మళ్ళీ బయటికి తీసి, ఏవో మెలికలు వేశాడు.

"బయటికి పోయిన ప్రతిసారీ ఒకటి కలుపు, లోపలికి వచ్చిన ప్రతిసారీ ఒకటి తీసెయ్యి," అన్నాను. "వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి, రెండూ కలిస్తే ఏమీ లేనట్టే. ఆఖరికి ఎంత మిగిలింది?"

"ఒకటండి."

"ఎన్ని మెలికలు తిప్పినా ఒకటే మిగులుతుంది. నువ్వు గీసినా, నేను గీసినా, దొరగారు గీసినా ఇంతే. ఏరు దాటని దారి లేదు."

"మరి గన్నవరం దగ్గర కాలువ ఏటి పైనుంచి పోతోంది కదండీ?" అంది గుమ్మం వెనక నుంచి చిట్టెమ్మ.

నేను ఉత్సాహంగా నా పటం విప్పి ధనం గుర్తు చూపించాను. "అదీ కోస్తోందమ్మా. పైనుంచి పోయినా లెక్క లెక్కే."

వీరమ్మ లేచి నిలబడింది. "చదువుకున్నోరు చెప్పేరు. ఇంక కదలడానికి లేదు," అని లోపలికి వెళ్ళింది. గుమ్మం వెనక మనిషి కూడా లేదు. నేను నా ముగ్గు కేసి చూసుకుంటూ, ఎంత చక్కగా వచ్చిందో అనుకుంటూ కూర్చున్నాను. సూరయ్య నాకు దణ్ణం పెట్టి మెల్లగా ఆ ముగ్గు చెరిపేశాడు. అప్పటికి గానీ నేను ఏమన్నానో నాకే తెలిసి రాలేదు.

పడుగు

మర్నాడు పొద్దున్నే చీర మూట తీసుకుందామని వెళ్ళాను. నేతవాళ్ళ వీధి ఆ వేళప్పుడు చూడాలి. బట్టకి నిలువుగా వచ్చే పడుగు పోగులు వీధి పొడుగునా కర్రల మీద చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతుంటారు. పోగుల మీద మంచు బొట్లు నిలిచి తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పడుగు పక్కన చిట్టెమ్మ తెగిన పోగులు అతుకుతూ కూర్చుంది. ఏడ్చిన కళ్ళు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"ఒక మాట అడగొచ్చాండి?" అంది. ఒక పోగు తీసుకుని పడుగు మీద అడ్డంగా పెట్టింది. "ఇప్పుడు ఈ పోగు ఆ పోగుని దాటిందాండి?"

"దాటిందమ్మా."

"దాటితే ఏదో ఒకటి తెగాలి కదండీ. పైనుంచి వెళ్ళిందంతే." పోగు పట్టుకుని లాగితే అది నెమ్మదిగా ఆమె చేతిలోకి వచ్చేసింది, పడుగు కదల్లేదు. "మా పనంతా ఇదేనండి. ఒకదాన్నొకటి కోసుకుంటే గుడ్డ అవదు, పీలికలవుతాది. తమరు చెప్పింది తప్పని కాదండి. నాకు అర్థం కాక అడిగేను."

నేను అక్కడే వీధిలో కూలబడ్డాను. పంచెకి గంజి అంటుకుంది. పటమంటే నేల మీద పడే నీడ. ఇద్దరు మనుషుల నీడలు కోసుకున్నంత మాత్రాన మనుషులు ఒకరికొకరు తగిలినట్టు కాదు. నేను నీడల్ని లెక్కపెట్టి మనుషులకి తీర్పు చెప్పాను. చదునైన కాగితం మీద గీతని ఆపడానికి ఇంకో గీత చాలు. ఎత్తు కూడా ఉన్నచోట గీతని ఆపాలంటే తెర కావాలి. ఏరు గీతే, తెర కాదు. కమానం మీద పోయే పడవ కింది నదిని ఎక్కడా కలవదు. కలవనప్పుడు ధనమూ లేదు, ఋణమూ లేదు.

ఏడాదిగా ఆ లెక్క మోస్తున్నవాణ్ణి, నిన్న ఆ కమానాల మీదుగానే వచ్చినవాణ్ణి, నాకు తోచలేదు. పడుగు అతికే పిల్లకి తోచింది. ఒళ్ళు మండింది, నా మీద నాకే. కోపంలోనే లేచి వీరమ్మ దగ్గరికి వెళ్ళి, నిన్న నేను చెప్పింది తప్పని, నిన్న విన్న ఆ నలుగురూ ఉండగానే చెప్పాను. అంత గట్టిగా తప్పు ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదలు.

వీరమ్మ అంతా విని, వక్క నమిలి, నిదానంగా అడిగింది. "ఏటిని తగలకుండా పైనుంచి పోతామంటారు. బాగుందండి. మరి కాలువలో నీళ్ళు ఎవరియ్యండి?"

గోదావరివే. ఆనకట్ట దగ్గర పట్టి కాలువలోకి వదిలిన నీళ్ళే. ఆ మాట ఒప్పుకున్నాను.  చిట్టెమ్మ పోగు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వీరమ్మ కోడలి చేతిలోని పోగు కేసి చూసింది. తరవాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "దాటడం అంటే ఈ గట్టు నించి ఆ గట్టుకి ఆవిడ మీద అడ్డం పోవడం. కాలువలో అడ్డం పోం. ఆవిడ ఎటు పోతే అటు, లేపోతే ఆవిడకి ఎదురు. గట్టుకి గట్టు కలపం. ఒళ్ళో కూచోబెట్టుకుని తీసుకెళ్తే ఒడి దాటినట్టవుతాదాండి?"

"అవదమ్మా," అన్నాను.

"అయితే ఎల్దాం. నేనూ వస్తాను. పడవెక్కేక బండారులంక దాకా పిల్ల నేల మీద కాలు పెట్టకూడదు. దారి లేదన్న తమరే దారుందన్నారు కాబట్టి తమరూ మాతో రావాలండి."

మళ్ళీ గన్నవరం

పోలయ్య పడవలోనే బయల్దేరాం. గడ్డి పరిచి, దాని మీద బొంతలేసి చిట్టెమ్మని పడుకోబెట్టారు. సూరయ్య తనే తాడు లాగుతానని గట్టెక్కాడు. పోలయ్య కొడుకు మొదటిసారి పడవలో దొరలా కూర్చున్నాడు. వీరమ్మ ఒళ్ళో పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు. నీళ్ళు పడవకి మెత్తగా తగులుతున్నాయి. చెట్ల నీడలు మా మీదుగా పోతుంటే అవి కోసుకునే చోట్లు లెక్కపెట్టబోయి మానేశాను.

మిట్టమధ్యాహ్నానికి అక్విడక్టు మీదికి వచ్చాం. కింద నది ఎండలో పరుచుకుని ఉంది. వీరమ్మ పసుపూ కుంకుమా ఒక కొబ్బరికాయా కాలువలో వేసింది, రెండో కాయ కింద నదిలోకి జారవిడిచింది. అది పడ్డ చప్పుడు మాకు వినపడలేదు. చిట్టెమ్మ కళ్ళు మూసుకుని ఉంది. వీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"నా మొదటి కానుపప్పుడు ఎనిమిదో నెల్లో పుట్టింటికని పడవెక్కేనండి. ఇదే ఏరు, కింద రేవులో. దాటకూడదని మా అత్తగారు ఎంత చెప్పినా వినలేదు. నడి ఏట్లో నొప్పులొచ్చేయి. మగపిల్లోడండి. అవతలి గట్టు చూడలేదు."

ఆవిడ కింద నది కేసి చూసింది.

"ఇద్దరం ఎల్లేం, ఒక్కదాన్ని వచ్చేను. మొన్న ముగ్గేసి చెప్పేరు కదండీ, ఎల్లడం ఒకటి, రావడం ఒకటి, కలిస్తే ఏమీ లేనట్టేనని. ఏమీ లేనట్టేనాండి?"

"కాదమ్మా," అన్నాను. 

"ఆయ్," అంది వీరమ్మ. ఈ కోనసీమ మాట అవుననడానికి అంటారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడ అన్న తీరులో అవునూ ఉంది, నలభై ఏళ్ళుగా ఎవరితోనూ అనని మాటలూ ఉన్నాయి. ఆచారం పట్టుకుని కోడల్ని కట్టేస్తోందని ఆవిడ మీద మనసులో విసుక్కున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆవిడ భయం నా లెక్కకంటే పాతది, నిజమైనది. పడవ అవతలి గట్టు చేరేదాకా ఆవిడ కోడలి చెయ్యి వదల్లేదు.

బండారులంక

కాలువలోనే పైకి పోయి, లాకుల దగ్గర అమలాపురం కాలువలోకి తిరిగాం. లాకులో తలుపులు మూసి నీళ్ళు వదులుతుంటే పడవ ఉన్నచోటే మెల్లగా కిందికి దిగుతుంది. చిట్టెమ్మ మొదటిసారి నవ్వింది. ఇంకో రోజున్నర ప్రయాణం. అటుకులూ కొబ్బరీ తప్ప నాకు తిండి లేదు, ఆకలి కూడా అంతగా గుర్తు లేదు.

బండారులంకలో సూరయ్య భార్యని కాలువగట్టు నుంచి గుమ్మం దాకా చేతుల మీద ఎత్తుకుని వెళ్ళాడు, తల్లి మాట ప్రకారం. అప్పాయమ్మ వసారాలో మంచం మీద ఉంది. కాలికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. పలకరింపులూ ఏడుపులూ అయ్యాక మగవాళ్ళని అరుగు మీదికి పంపేసి తలుపు దగ్గరికి వేశారు.  తరవాత అప్పాయమ్మ గొంతు వినిపించింది.

"బిడ్డ అడ్డంగా ఉంది వదినా. తల ఈ పక్క, కాళ్ళు ఆ పక్క."

సూరయ్య లేచి నిలబడ్డాడు. నేను అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. 

"తిప్పొచ్చా?" అంది వీరమ్మ.

"ఇప్పుడైతే చోటుంది. రోజూ ఆముదం రాసి, పొద్దున ఇంత సాయంత్రం ఇంత మెల్లగా తిప్పుకురావాలి. ఒక్కరోజులో అయ్యేది కాదు, బలవంతం చేస్తే ఉన్నదీ పోతాది. నిండే దాకా ఎవరూ చూడకపోతే మాత్రం ఇంక తిరగదు. ఇద్దరూ దక్కరు."

లోపల ఎవరో ధబ్బున కూర్చున్న చప్పుడయింది. వీరమ్మ ఏడుస్తోంది. "నేనే ఆపేసేదాన్ని వదినా. నేనే ఆపేసేదాన్ని," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

ఆవిడ కాదు. ఆపింది నేను. నలుగురిలో ముగ్గు వేసి, గెలిచినవాడిలా కూర్చున్నది నేను. ఆ పిల్ల పొద్దున్నే పోగు పట్టుకుని నన్ను అడగకపోతే, అడిగినా నేను పెద్దరికానికి పోయి కసిరి ఉంటే, నా లెక్క ఎంతో పొందికగా మిగిలేది, మనుషులు మిగిలేవాళ్ళు కారు. అరుగు మీద తలొంచుకుని కూర్చుంటే సూరయ్య నాకు కొబ్బరిబోండాం కొట్టి తెచ్చాడు. తాగాను. ఆ సాయంత్రమే అమలాపురం మీదుగా ఇంటిదారి పట్టాను.

రాజమండ్రి

ఇంటికొచ్చాక మా ఆవిడ చీర చూసి, గొడుగేదని అడిగింది. నా ఋజువు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. దొరగారు మరో పత్రిక ఇచ్చారు, అది అలాగే ఉంది. కాగితం మీద రెండు గీతలు కోసుకున్నచోట గుర్తు పెట్టబోతే, పైనుంచి పోయేది ఏది, కిందనుంచి పోయేది ఏది అని చెయ్యి ఆగిపోతోంది. బళ్ళో కూడా 'దారి లేదు' అనే మాట అనడం తగ్గించాను. వైశాఖం దాకా బండారులంక సంగతి తెలియలేదు. రోజూ నదికి స్నానానికి వెళ్ళినప్పుడు కిందికి పోయే నీళ్ళని అడగాలనిపించేది.

వైశాఖం ఆఖర్లో ఒకరోజు పాఠం చెబుతుండగా చీరల మూట భుజాన వేసుకుని సూరయ్య నేరుగా బడికే వచ్చాడు. గుమ్మంలో అతని మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, అయినా అతని నోట వినాలని సుద్దముక్క పట్టుకునే నిలబడ్డాను. ఆడపిల్ల. తలే ముందు వచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. నల్లబల్ల మీద లెక్క సగంలో ఉంది. విద్యార్థులందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను, అదేమంత సిగ్గనిపించలేదు.

"మా అమ్మ తమకి ఒక మాట చెప్పమందండి," అన్నాడు సూరయ్య మూట దించుకుంటూ. "దారి లేదన్న పంతులుగారికి చెప్పు, నా మనవరాలు ఆ దారినే వచ్చిందని, అందండి."